క్షవరమైతే గానీ వివరం తెలియదు

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళాను. మా ఊరు రాజాం దగ్గర. 2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం జిల్లా, జిల్లాలు విడగొట్టాక విజయనగరం జిల్లా. మేమెక్కడికీ కదల్లేదు, జిల్లాయే కదిలింది.

భోగి రోజు పొద్దున్నే పెరట్లో నూతి గట్టు మీద అద్దం ఆనించుకుని గడ్డం గీసుకుంటున్నాను. మా నాన్న పళ్ళు తోముకుంటూ వచ్చి, నా చేతిలో ఉన్నదాని వంక ఓ నిముషం పాటు చూసి, "ఏట్రా అది? ఎంతెట్టి కొన్నావేటి?" అన్నారు.

"నాలుగువేల ఎనిమిదొందలు నాన్నా. జర్మనీది."

ఆయనేం మాట్లాడలేదు. లోపలికెళ్ళి గూట్లోంచి ఒక రేకు డబ్బా తెచ్చి నా పక్కన పెట్టి వెళ్ళిపోయారు. మూత తీసి చూద్దును కదా, అదే రేజరు! అదే కంపెనీది కాదు గానీ అదే వాలకం. పిడి తిప్పితే మూడు ముక్కలుగా ఊడొస్తుంది: పిడి, కింద పళ్ళ పలక, పైన వంపు మూత. మధ్యలో రెండు వైపులా పదునుండే బ్లేడు. పక్కనే పటిక ముక్క, వెంట్రుకలు సగం రాలిపోయిన బ్రష్షు. తర్వాత అడిగితే చెప్పారు, 1986 లో రాజాం బజార్లో పద్దెనిమిది రూపాయలకి కొన్నారట. "ఇంకా తెగుతంది" అన్నారు. అంతే. అంతకంటే ఘోరమైన తిట్టు నేనీమధ్య కాలంలో తినలేదు.

ఎందుకంటే, అప్పటికి ఏడాదిన్నరగా నేను ఆఫీసులో కనపడినవాడినల్లా ఆపి ఈ "కొత్తరకం" రేజరు గురించి ఉపన్యాసాలు దంచుతున్నాను. వింత రేజరు కనిపెట్టిన కొలంబస్‌లా తిరుగుతున్నాను. ఆ వింత వస్తువు నేను పుట్టకముందు నుంచీ మా ఇంటి గూట్లోనే ఉంది. నేను రోజూ చూస్తూనే పెరిగాను. చూసి ఏమనుకున్నానో కూడా నాకు బాగా గుర్తు: పాతకాలం చాదస్తం, పెద్దయ్యాక మనం ఇలాంటివి వాడక్కర్లేదు అని.

పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు. మన ఐటీ వాళ్ళం ఇంకో మెట్టు పైకెక్కాం. పెరటి చెట్టునే కొట్టి, ఎగుమతి చేసి, సీసాలో పెట్టి తిరిగొస్తే ఇ.ఎమ్.ఐ. కట్టి కొంటాం.

ఈ టపాలో రేజర్ల సంగతి కొంచెం, మన బుద్ధుల సంగతి కొంచెం చెప్తాను. మొదటిది సరదాగా ఉంటుంది. రెండోది నాక్కూడా ఉండలేదు.

సరే, మొదట్నించీ వస్తాను. ఇంజినీరింగ్ మొదటి సంవత్సరంలో గడ్డం గీసుకోవడం మొదలెట్టినప్పుడు టీవీ ప్రకటన చూసి మూడు బ్లేడుల కార్ట్రిడ్జి రేజరు కొన్నాను. ఉద్యోగం వచ్చాక హోదాకి తగ్గట్టు అయిదు బ్లేడులది. ఏ కంపెనీదన్నది అనవసరం. నాకు మెడ దగ్గర వెంట్రుకలు గిరజాలుగా మొలుస్తాయి. గీసుకున్న రెండో రోజుకల్లా ఎర్రగా పొక్కులు. నీళ్ళు పడలేదనుకున్నాను, బెంగుళూరు వాతావరణం అనుకున్నాను, సబ్బు మార్చాను, తలగడ గలీబు మార్చాను. రేజర్ని మాత్రం అనుమానించలేదు. అన్నిటికంటే ఖరీదైనది అదే కదా, అది తప్పెలా చేస్తుంది?

ఈ ఎక్కువ బ్లేడుల కిటుకు ఏమిటంటే, మొదటి బ్లేడు వెంట్రుకని పట్టుకుని కాస్త పైకి లాగుతుంది. అది మళ్ళీ లోపలికి జారేలోపు వెనకాల బ్లేడు వచ్చి ఇంకాస్త కింద కోస్తుంది. అంటే వెంట్రుక చివర చర్మం మట్టం కంటే లోపలికి పోతుంది. ప్రకటనల్లో గొప్పగా చెప్పుకునేది ఈ నునుపు గురించే. వెంట్రుక తిన్నగా మొలిచేవాళ్ళకి గొడవ లేదు. గిరజాల వెంట్రుక మాత్రం బయటికి దారి దొరక్క చర్మంలోనే వంకర తిరిగి పెరుగుతుంది. అదే పొక్కు. చర్మ వైద్యులు దీనికో పొడుగాటి లాటిన్ పేరు కూడా పెట్టారు. ఇలాంటివాళ్ళకి వాళ్ళు చెప్పే సలహాల్లో ఒకటి: మరీ లోతుగా గీసుకోకండి, ఒక్క బ్లేడు చాలు.

ఇది నాకు చెప్పింది ఎవరనుకున్నారు? అమెరికాలో ఎక్కడో స్నానాలగదిలో కెమెరా పెట్టుకున్న ఒక తెల్లగడ్డం పెద్దాయన, ఒక వీడియోలో. ఆయన చేతిలో ఈ రేజరు. నాకు జ్ఞానోదయమైపోయింది. వెంటనే జర్మనీ రేజరు 4,800, బ్రష్షు 2,200, చందనం వాసనొచ్చే ఇంగ్లండు సబ్బు 1,400, ఆ సబ్బు గిలక్కొట్టడానికి పింగాణీ గిన్నె 1,100. మొత్తం 9,500. మన తెలుగులో డబ్బులు పోతే "క్షవరమైంది" అని ఎందుకంటామో ఆ బిల్లు చూస్తే అర్థమవుతుంది. గడ్డానికి ముందు జేబుకే అయింది.

మొదటి రోజు మూడు చోట్ల తెగింది. తప్పు రేజరుది కాదు, నా అలవాటుది. కార్ట్రిడ్జిని చెంపకేసి నొక్కి లాగేస్తాం. దీన్ని అలా నొక్కితే అది చర్మాన్ని కూడా వెంట్రుకలాగే చూస్తుంది. దీనికి బరువు దానిదే చాలు. బ్లేడు చెంపకి సుమారు ముప్ఫై డిగ్రీల వాలులో ఉండేలా పట్టుకోవాలి, చిన్న చిన్న గీతలుగా లాగాలి, వెంట్రుక ఏ దిక్కుకి మొలుస్తోందో ఆ దిక్కుకే ముందు గియ్యాలి. అన్నిటికంటే ముందు రెండు మూడు నిముషాలు గోరువెచ్చటి నీళ్ళతో గడ్డం నాననివ్వాలి. తడిస్తే వెంట్రుక మెత్తబడుతుంది. పదిరోజుల్లో చెయ్యి కుదిరింది. నెలన్నరకి మెడ మీద పొక్కులు పోయాయి. ఏడేళ్ళు పట్టిపీడించిన బాధ, రెండు రూపాయల బ్లేడుతో పోయింది.

లెక్కలు చూడందే మనకి నిద్ర పట్టదు కాబట్టి, లెక్క కూడా చూశాను. నేను చివరిసారి కొన్న కార్ట్రిడ్జి ఒక్కోటి 225 రూపాయలు పడింది. రెండు వారాలకొకటి, అంటే ఏడాదికి 26, అంటే 5,850 రూపాయలు. ఈ బ్లేడు రెండు రూపాయలు, నాలుగు రోజులొస్తుంది. ఏడాదికి 91 బ్లేడులు, 182 రూపాయలు. నా జర్మనీ సరంజామా ఖర్చు రాబట్టుకోవడానికి నాకు ఇరవై నెలలు పట్టింది. మా నాన్నకి? ఆయన ఇలాంటి లెక్క వెయ్యాల్సిన అవసరమే రాలేదు.

ఇప్పుడు కాస్త చరిత్ర. బోరు కొట్టదు, మనందరికీ బాగా పనికొచ్చేది.

కింగ్ క్యాంప్ జిలెట్ అనే ఆయన సీసా మూతలు చేసే కంపెనీలో అమ్మకాల ఉద్యోగి. ఆ మూత కనిపెట్టిన విలియమ్ పెయింటర్, వాడి పారేసే వస్తువేదైనా కనిపెడితే జనం మళ్ళీ మళ్ళీ కొంటారని ఈయనకి సలహా ఇచ్చాడంటారు. 1895 లో జిలెట్‌కి పల్చటి బ్లేడు ఆలోచన వచ్చింది. అంత పల్చటి ఉక్కు రేకుకి గట్టిదనం, పదును రెండూ ఎలా తేవాలో ఆయనకి తెలీదు. ఎమ్.ఐ.టి. లో చదివిన విలియమ్ నికర్సన్ అనే ఇంజినీరు కూర్చుని తేల్చాడు. రేజరుకి పేరు మాత్రం అమ్మకాల ఆయనదే వచ్చింది. (ఇది చదివి ఎవరికైనా తమ మేనేజరు గుర్తొస్తే నా పూచీ లేదు.) 1903 లో అమ్మింది 51 రేజర్లు, 168 బ్లేడులు. మరుసటేడు తొంభైవేల రేజర్లు. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం ఏకంగా 35 లక్షల రేజర్లు కొనేసింది.

ఎమ్.బి.ఎ. చదివిన ప్రతివాడూ చెప్తాడు: "రేజరు ఉత్తినే ఇచ్చెయ్, బ్లేడుల మీద డబ్బు చేసుకో, ఇదే జిలెట్ సూత్రం" అని. మన సబ్‌స్క్రిప్షన్ వ్యాపారాల స్లైడుల్లో ఈ ముక్క లేకుండా ఉండదు. నేనే రెండుసార్లు వాడాను. షికాగో విశ్వవిద్యాలయం లా ప్రొఫెసరు రాండల్ పికర్ దీన్ని తవ్వి చూస్తే, పేటెంట్లు ఉన్నన్నాళ్ళూ జిలెట్ రేజర్ని అయిదు డాలర్లకి, అంటే ఆ రోజులకి బాగా ఖరీదుకే అమ్మాడని తేలింది. 1921 లో పేటెంట్ల గడువు తీరిపోయాకే ధర దిగింది.

ఆ పేటెంట్లు తీరడం వల్లే మన కథ మారింది. రెండంచుల బ్లేడు అందరి సొత్తయిపోయింది. మధ్యలో పొడుగాటి చీలిక ఉండే ఆ ఆకారం 1930 ల నుంచీ అలాగే ఉంది. కలకత్తా వాడి బ్లేడు జర్మనీ రేజరులో పడుతుంది, రష్యా వాడి బ్లేడు మా నాన్న పద్దెనిమిది రూపాయల రేజరులో పడుతుంది. హైదరాబాదులోనూ ఈ బ్లేడులు చేసే కంపెనీ ఉంది. దీన్ని మన భాషలో ఏమంటాం? ఓపెన్ స్టాండర్డ్. మరి కార్ట్రిడ్జినో? ఈ కంపెనీది ఆ కంపెనీ పిడికి పట్టదు, ఒక్కోసారి అదే కంపెనీ పాత పిడికీ పట్టదు. వెండర్ లాకిన్ అని ఆఫీసులో గొంతు చించుకుంటాం, లినక్సు కోసం తెల్లవార్లూ వాదిస్తాం, పొద్దున లేచి అద్దం ముందు నిలబడి అదే లాకిన్‌తో మొహం రుద్దుకుంటాం.

1971 లో రెండు బ్లేడులు. 1998 లో మూడు. 2003 లో పోటీ కంపెనీ నాలుగు. 2004 లో ది ఆనియన్ అనే అమెరికా వ్యంగ్య పత్రిక, ఇక అయిదు పెట్టేస్తారని వెటకారంగా ఒక వ్యాసం వేసింది. 2006 లో నిజంగానే అయిదు వచ్చాయి. వెటకారం చేస్తే అది రోడ్‌మ్యాపులోకి ఎక్కడం మనమొక్కళ్ళమే చూసిన వింత కాదన్నమాట.

ఇంకో ఉదంతం. పరీక్ష ఎక్కడ చెయ్యాలో తెలియక కొంప మునిగిన కథ. 2002 లో జిలెట్ మనదేశం కోసం ఒక రేజరు తయారు చేసింది. మనవాళ్ళు రోజూ గీసుకోరు, వెంట్రుకలు పొడుగ్గా ఉండి బ్లేడు మధ్య ఇరుక్కుంటాయని, వాటిని తోసెయ్యడానికో ప్లాస్టిక్ పట్టీ పెట్టారు. భేషైన ఆలోచనే. పరీక్షకి ఇండియా దాకా ఎందుకని, బోస్టన్‌లో తమ పక్కనే ఉన్న ఎమ్.ఐ.టి. లోని మన విద్యార్థుల చేత వాడించారు. అందరూ ఆహా ఓహో అన్నారు. ఇక్కడికొచ్చి అమ్మితే జనం ఛీకొట్టారు. కారణం: ఎమ్.ఐ.టి. కుర్రాళ్ళకి కుళాయి తిప్పితే ధారగా నీళ్ళు. ఇక్కడ మా నాన్నకి ఒక గ్లాసెడు నీళ్ళు. గ్లాసులో ముంచితే ఆ పట్టీ వెనకాల చెత్త పోదు. "నా మెషీన్లో పనిచేస్తోంది" అన్న మన జాతీయ నినాదానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నేను వినలేదు.

ఏమాటకామాట, వాళ్ళు బుద్ధి తెచ్చుకున్నారు. 2008 లో ఇంజినీర్లొచ్చి మన ఊళ్ళల్లో, ఇళ్ళల్లో కూర్చుని జనం ఎలా గీసుకుంటారో చూశారు. 2010 లో పదిహేను రూపాయల రేజరు తెచ్చారు. మారుబ్లేడు అయిదు రూపాయలు. మూడు బ్లేడులదానిలో పాతిక భాగాలుంటే ఇందులో నాలుగే. బ్లేడులు ఎన్ని? ఒక్కటి! మన ఊళ్ళు తిరిగి, బాగా ఆలోచించి, మనకేం కావాలో తేల్చిన ఇంజినీర్లు చివరికి తేల్చింది ఒక్క బ్లేడు చాలని. మనం మాత్రం జీతం పెరిగిందని అయిదుకెళ్ళాం.

అయినా వెంట్రుకంత వెంట్రుకకి ఉక్కు ఎందుకు మొద్దుబారుతుందని నాకు ఎప్పట్నుంచో సందేహం. వెంట్రుక ఉక్కు కంటే యాభైరెట్లు మెత్తన. దీని మీద 2020 లో సైన్స్ పత్రికలో ఎమ్.ఐ.టి. వాళ్ళదే ఒక పరిశోధన వచ్చింది. జియాన్లూకా రోసియోలి అనే విద్యార్థి తన గడ్డమే గీసుకుంటూ, ప్రతిసారీ బ్లేడు అంచుని సూక్ష్మదర్శినిలో చూశాడు. అంచు మెల్లగా అరిగి గుండ్రంగా అవడం లేదు, చిన్న చిన్న పెచ్చులు ఊడుతోంది. ఉక్కు లోపల నిర్మాణం అంతా ఒకేలా ఉండదు కాబట్టి, వెంట్రుక ఏటవాలుగా తగిలినప్పుడు బలహీనమైన చోట పెచ్చు లేస్తుంది. వెంట్రుక పక్కకి వంగే వీలుంటే మరీను. అంటే పట్టుకునే కోణం ముఖ్యం, వెంట్రుక వంగకుండా ఉండటం ముఖ్యం. ఈ సంగతి సూక్ష్మదర్శిని లేకుండానే తెలిసిన మనిషి ఒకాయన మా ఊళ్ళో ఉన్నాడు. ఆయన దగ్గరికే వస్తున్నా.

దానికంటే ముందు మా ఆఫీసులో జరిగింది చెప్పాలి.

భోజనాల బల్ల దగ్గర రోజూలాగే నా రేజరు పురాణం మొదలెట్టాను. మేం ఓ అయిదుగురం అప్పటికే ఒక ముఠా. సానబెట్టుకునే నిలువు కత్తి కూడా కొంటానని, జర్మనీలో సోలింగెన్ అనే ఊరు కత్తులకి ప్రసిద్ధి అని చెప్తున్నాను. ఒకడన్నాడు, "ఏంట్రా, ఇంజినీరింగ్ చదివి చివరికి మంగలి పనికి దిగావా" అని. బల్లంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. మా వైపు కుర్రాడు, నాకంటే మంచి ప్రోగ్రామరు, ఒక్కడు నవ్వలేదు. కంచం తీసుకుని చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. అప్పుడు నాకేం తట్టలేదు.

ఓ నెల తర్వాత ఇద్దరం ఒకే రైల్లో ఊరికి వెళ్తుంటే చెప్పాడు. వాళ్ళ నాన్నగారిది విజయనగరం జిల్లాలో ఒక చిన్న టౌనులో సెలూను. రెండు కుర్చీలు. ఆ రెండు కుర్చీల మీదే ఇద్దరు పిల్లలు ఇంజినీరింగ్ చదివారు. ఉద్యోగంలో చేరి అయిదేళ్ళయింది, "మీ నాన్నగారేం చేస్తారు" అని ఎవరడిగినా "బిజినెస్" అని చెప్తాట్ట. నా మీద కోపం లేదన్నాడు. "నువ్వు ఆ కత్తి గురించి అంత ఇదిగా చెప్తుంటే, మా నాన్న దగ్గర మూడున్నాయని చెప్దామనుకున్నాను. ఈలోపు వాడు ఆ మాటన్నాడు, నువ్వు నవ్వావు" అన్నాడు.

నిద్రపోదామనుకున్నవాణ్ణి, నేను దిగాల్సిన చోటొచ్చేదాకా కిటికీలోంచి చీకట్లోకి చూస్తూ కూర్చున్నాను.

అదీ సంగతి. క్షవరమైతే గానీ వివరం తెలియదంటే ఇదే.

ఆసారి ఊళ్ళో దిగీ దిగగానే మా పాత మంగలాయన ఇంటికెళ్ళాను. (చూశారా, రాస్తుంటే కూడా ఆ మాటే వస్తోంది. కొట్టేసి మళ్ళీ రాయొచ్చు. ఉండనిస్తున్నాను, ఎంత లోపలిదాకా ఉందో మీకూ తెలియాలి.) ఆయనకిప్పుడు డెబ్భై అయిదు దాటాయి. నాకు ఏడేళ్ళప్పుడు ఆయనకి యాభై పైనే. నేను ఆయన్ని పేరుపెట్టి "ఒరే" అని పిలిచేవాణ్ణి. ఆయన నన్ను "బాబూ" అనేవాడు. మా ఇంట్లో పెద్దవాళ్ళ మధ్య అరుగు మీద కూర్చుని అలా పిలిచినా ఒక్కరూ నన్ను మందలించలేదు. మందలించాల్సిన విషయమని ఎవరికీ తోచలేదు.

ఊరికి ఆయనేం చేసేవాడో ఒక్కసారి లెక్కపెట్టండి. తలపని, గడ్డప్పని సరే. పెళ్ళికి సన్నాయి ఆ ఇంటిదే, డోలు ఆ ఇంటిదే. వాళ్ళమ్మ ఊరందరికీ మంత్రసాని. మా నాన్న పుట్టింది ఆవిడ చేతుల్లోకే. చావింట పదోరోజు ఆయన రావాలి. ఇన్నిటికీ కలిపి ఏడాదికోసారి కళ్ళంలో ఇన్ని కుంచాలని వడ్లు కొలిచేవారు. మనం ఇప్పుడు సబ్‌స్క్రిప్షన్ అంటున్నాం చూడండి, అదే. తేడా ఏమిటంటే ధర పెంచే హక్కు ఇక్కడ వినియోగదారుడికే ఉండేది, ఆయన ఎన్నడూ పెంచలేదు.

"తాతా, ఓసారి నీ కత్తి చూపిస్తావా?" అన్నాను. "తాతా" అనగానే ఆయన ముందు నాకేసి, తర్వాత నా వెనకాల ఇంకెవరైనా ఉన్నారేమోనని చూశాడు. ఆ చూపు నేను మర్చిపోలేను.

ఎయిడ్స్ ప్రచారం వచ్చిన రోజుల్లో కత్తి మానేశాడట. ఒకరి నెత్తురు ఇంకొకరికి అంటకూడదని చెప్పారు, నిజమే కదా అని మనిషికో సగం బ్లేడు మార్చే పిడికి వచ్చేశాడు. తిరుమల కల్యాణకట్టలో తల నీలాలకి ఒకప్పుడు ఇచ్చింది కూడా అలాంటి సగం బ్లేడే. ఎవరూ చట్టం చూపించి బెదిరించకుండానే ఊరి క్షేమం కోసం చేతిలో పండిన పనిముట్టుని పక్కన పెట్టేసిన మనిషి ఆయన. మనం పాత ఫ్రేమ్‌వర్కు వదలమంటే మూడు మీటింగులు పెడతాం.

పొది విప్పి కత్తి తీశాడు. ఇరవై ఏళ్ళుగా ఎవరికీ వాడనిది. స్పిరిటుతో తుడిచి, సానరాయి మీద నీళ్ళు చల్లి నూరాడు, తర్వాత తోలుపట్టా మీద అటూ ఇటూ ఆడించాడు. నన్ను పీట మీద కూర్చోబెట్టి, ఎడంచేత్తో చెంప చర్మం లాగి పట్టుకుని మొదలెట్టాడు. ఏడు నిముషాలు. గీసినచోట మళ్ళీ గియ్యలేదు. చుక్క నెత్తురు లేదు. డెబ్భై అయిదేళ్ళ చెయ్యి.

నేనూ ప్రయత్నిస్తానన్నాను. వద్దన్నాడు, బతిమాలితే ఇచ్చాడు. గడ్డం కింద తీసెయ్యకుండా ఉంచిన కాస్త చోట మొదలెట్టానో లేదో తెగింది. పటిక అద్దుతూ చెప్పాడు: "బాబూ, కత్తిని తొయ్యకూడదు. కత్తి దానంతటది ఎల్తాది. నువ్వు సర్మాన్ని లాగి అట్టుకోవాల. అట్టుకునే సెయ్యిదే పని, కత్తి సెయ్యిది కాదు."

పది నెలలు వీడియోలు చూశాను. ఎడంచేతి గురించి ఇంత స్పష్టంగా ఎవడూ చెప్పలేదు.

ఇప్పుడు నా అసలు గొడవ. పొందూరు ఖద్దరు తెలుసుగా. అక్కడ ఇప్పటికీ వాలుగ చేప దవడతో పత్తి ఏకుతారు. మనలో ఎవడు ఆ దారిన వెళ్ళినా ఆగి ఫొటో తీసి, "మన సంస్కృతి" అని పదిమందికి పంపుతాడు. పంపాల్సిందే, గొప్ప సంగతే. మరి అదే ప్రాంతంలో అంతే పాత, అంతే నేర్పు కావాల్సిన ఇంకో పనిముట్టుని మాత్రం తిట్టుకి వాడుకుంటాం. సోలింగెన్ కత్తి పట్టుకుంటే కళ. పొదిలో కత్తి పట్టుకుంటే వెక్కిరింత. ఉక్కు ఒకటే, కోణం ఒకటే. తేడా పట్టుకున్నవాడి ఇంటిపేరులో ఉంది.

2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాయీబ్రాహ్మణుల్ని కించపరిచే మాటలు వాడితే చర్యలు తీసుకుంటామని ఉత్తర్వు ఇచ్చింది. మంచిదే. అయితే ఒక మాట మానమని మనకి ప్రభుత్వం చెప్పాల్సొచ్చిందంటే సిగ్గుపడాల్సింది ఎవరు? మనమే కదా, చదువుకున్నవాళ్ళం. ఆఫీసులో వివక్ష మీద ఏడాదికోసారి శిక్షణ వీడియో చూసి, చివర్లో పది ప్రశ్నలకీ సరైన సమాధానాలు నొక్కి, సర్టిఫికెట్టు తీసుకుని, భోజనాల బల్ల దగ్గరికెళ్ళి ఇదే జోకు వేస్తాం. ఆ వీడియోలో అమెరికా వాళ్ళ గొడవలుంటాయి. మా పక్కన కూర్చున్న కుర్రాడి గొడవ ఉండదు.

"హాస్యానికన్నాడు, దాన్ని పట్టుకుని ఇంత రాద్ధాంతమా" అనేవాళ్ళుంటారు. హాస్యమే. కాకపోతే ఆ హాస్యం ఖర్చు అయిదేళ్ళుగా ఒకడే భరిస్తున్నాడు, తన తండ్రి పనేమిటో దాచుకుని. మీ జట్టులో అలాంటివాడు లేడని మీరెలా చెప్పగలరు? నేనూ లేడనే అనుకున్నాను.

రేజరు మీద రాబోయే అభ్యంతరాలకి కూడా జవాబు చెప్పేస్తాను. టైము పడుతుంది: నిజమే, నాకు నాలుగు నిముషాలు ఎక్కువ. చేతులు వణికే పెద్దవాళ్ళకి కార్ట్రిడ్జే మేలు: ఒప్పుకుంటాను, మా పెద్దమావయ్యకి నేనే కొనిచ్చాను. విమానంలో చేతిసంచీలో ఈ బ్లేడు పెట్టనివ్వరు: అవును. వాడిన బ్లేడుని చెత్తబుట్టలో పడేస్తే చెత్త తీసేవాళ్ళ చేతులు తెగుతాయి: ఇది అన్నిటికంటే సరైన అభ్యంతరం. మా నాన్న పాత రేకుడబ్బాకి సన్నటి చీలిక పెట్టి అందులో వేస్తారు, నిండాక పాత ఇనపసామాను వాడికిస్తారు. ప్లాస్టిక్కూ ఉక్కూ కలిపి అతికించిన కార్ట్రిడ్జిని అలా ఇస్తే వాడూ తీసుకోడు. ఇక నిలువు కత్తి మాత్రం నన్ను చూసి మీరెవరూ ప్రయత్నించకండి. అది వీడియో చూసి వచ్చే విద్య కాదు. నా గడ్డం కింద గుర్తుంది, కావాలంటే చూపిస్తాను.

చివరగా మూడే మాటలు.

ఒకటి, మీ మెడ మీద పొక్కులుంటే, జర్మనీకి ఆర్డరు పెట్టేముందు మీ ఇంట్లో గూడు వెతకండి. లేకపోతే వీధి చివర ఫ్యాన్సీ షాపులో అడగండి, రెండు మూడొందలకి దొరుకుతుంది. నాలా 9,500 క్షవరం చేయించుకోకండి.

రెండు, సెలూనుకెళ్ళినప్పుడు పది రూపాయల దగ్గర బేరమాడకండి. కాఫీకి మూడొందలిచ్చి బిల్లు కూడా చూడని మనమే ఇక్కడ చిల్లర లెక్కపెడతాం. మీ పీక మీద బ్లేడు పెట్టే మనిషిని మీరు నమ్ముతున్నారు. ఆ నమ్మకానికైనా గౌరవమివ్వండి, "గారు" అనడానికి నోరు రాకపోతే "అన్నా" అనండి.

మూడు, ఆ జోకు. ఈసారి ఎవడైనా వేస్తే నవ్వకండి. ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు, నవ్వకుండా వాడి మొహంలోకి చూస్తే చాలు. నేను మొన్న చూశాను. వాడికి వెంటనే ఏదో మీటింగు గుర్తొచ్చింది.

జర్మనీ రేజర్ని పెట్టెలో పెట్టేశాను. ఇప్పుడు వాడుతున్నది 1986 నాటిది. నాన్ననడిగి తెచ్చుకున్నాను. "మరి నీకో?" అంటే, "నీ జర్మనీదిచ్చీసి ఎల్లు, సూద్దాం" అన్నారు. మొన్న ఫోన్లో అడిగితే, బావుందట, కాకపోతే బరువెక్కువట.

ఆ కుర్రాడు పోయిన వారం నా బల్ల దగ్గరికొచ్చి ఒక కాగితం పొట్లం పెట్టి వెళ్ళాడు. వాళ్ళ నాన్నగారి మూడు కత్తుల్లో ఒకటి. నేనింకా తియ్యలేదు. తియ్యడానికి ముందు చెయ్యి కుదరాలి, ముఖ్యంగా ఎడంచెయ్యి.